మూడో నంబరు వెలగని ఇల్లు

రిటైరై ఇన్నాళ్ళయినా నేను ఎవరింటికెళ్ళినా ముందు టీవీ ఎటు తిరిగి ఉందో చూస్తాను. మనుషుల్ని పలకరించడం ఆ తరవాతే. మా అమ్మాయికి అబ్బాయిని చూడ్డానికి వాళ్ళింటికెళ్ళినప్పుడూ ఇదే తంతు. అబ్బాయి తరపువాళ్ళు కుశలప్రశ్నలు వేస్తుంటే నేను వాళ్ళ టీవీ వెనక వైర్లు ఎలా వేశారో తొంగి చూస్తున్నానట. ఇంటికొచ్చాక మా ఆవిడ దులిపేసింది. "పిల్లాణ్ణి చూడ్డానికెళ్ళారా, టీవీని చూడ్డానికెళ్ళారా?" అని.

ఏం చెయ్యను, ఉద్యోగం అలాంటిది. జనం టీవీలో ఏం చూస్తున్నారో కొలవడం మా పని. ఇప్పటి పిల్లలకి రేటింగు అనే మాట తెలుసు, అది ఎక్కడ పుడుతుందో మాత్రం తెలీదు. ఎవరింటి హాల్లోనో టీవీ పక్కన పెట్టిన చిన్న పెట్టెలో పుడుతుంది బాబూ. ఆ పెట్టెకో రిమోటు ఉంటుంది. ఇంట్లో మనిషికో నంబరు. టీవీ ముందుకొచ్చి కూర్చోగానే మీ నంబరు నొక్కాలి, పెట్టె మీద ఆ నంబరు వెలుగుతుంది. లేచి వెళ్ళేటప్పుడు మళ్ళీ నొక్కాలి, ఆరిపోతుంది. ఏ చానెలు ఎంతసేపు పెట్టారు, అప్పుడు ఏ నంబర్లు వెలిగాయి అన్నది పెట్టె తనంతట తనే ఆఫీసుకి పంపేస్తుంది.

అన్ని ఇళ్ళలోనూ పెట్టలేరు కదా. అందుకని ఒక్కో ఇల్లు కొన్ని వేల ఇళ్ళ తరపున మాట్లాడుతుంది. అందుకే అవి ఏ ఇళ్ళో బయటికి పొక్కకూడదు. పొక్కిందా, ఏ చానెలు వాళ్ళో వచ్చి "మాదే పెట్టి వదిలెయ్యండి, మీకూ ఏదో ముట్టజెబుతాం" అంటారు. పక్కింటివాళ్ళు పెట్టె చూసి ఏంటని అడిగితే "స్టెబిలైజరండీ" అని చెప్పమనేవాళ్ళం. మా వియ్యంకుడు ఇవాళ్టికీ నేను స్టెబిలైజర్లు బాగుచేసి పెన్షను తెచ్చుకున్నానని అనుకుంటాడు. పాపం, పాడైన స్టెబిలైజరొకటి అటక మీద దాచి, నేనెప్పుడెళ్ళినా దింపుతాడు.

నరసాపురం దగ్గర్నుంచి రాజమండ్రి దాకా ఉన్న అలాంటి ఇళ్ళకి నేను కాపలాదారుణ్ణి. పెట్టె మొరాయిస్తే బాగుచెయ్యడం, బటన్లు నొక్కడం మర్చిపోయేవాళ్ళని బతిమాలడం, వాళ్ళు పెట్టే కాఫీలు తాగడం. రూలు ఒక్కటే: ఏం చూడాలో చెప్పకూడదు. ఏం చూశారని అడక్కూడదు. టీవీలో ఏం వస్తోందో నాకు కనపడనట్టే కూర్చోవాలి. క్రికెట్ మ్యాచి ఆఖరి ఓవర్లో కూడా అంతే. అదే ఈ ఉద్యోగంలో నేను పడ్డ అసలు కష్టం.

నేను చెప్పే ఇల్లు నరసాపురం వైపు ఒక పల్లెటూళ్ళో ఉంది. కాలవ గట్టు దిగగానే పెంకుటిల్లు, ముందు పొడుగాటి అరుగు. ఇంటి పెద్దాయనకి ఎనభై దగ్గరపడ్డాయి. ఒకప్పుడు సొంతంగా వ్యవసాయం చేసిన మనిషి. భార్య పోయింది. కొడుకు పొలమూ, ఎరువుల కొట్టూ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాడు. కోడలు నోట్లో నాలుక లేని మనిషి. బడికెళ్ళే మనవరాలు ఉంది. ఒకటో నంబరు పెద్దాయనది, రెండు కొడుకుది, మూడు కోడలిది, నాలుగు మనవరాలిది.

ఆ ఇంట్లో నా మర్యాదలు ఎలా జరిగేవంటే, నేను హాల్లో కుర్చీలో కూర్చునేవాణ్ణి. కాఫీ గ్లాసు వంటింటి గుమ్మం దాకా వచ్చేది. పట్టుకున్న చెయ్యీ, గాజులూ మాత్రం కనపడేవి. పెద్దాయన లేచి అందుకుని నాకిచ్చేవారు. పెట్టె బిగించిన రోజున మాత్రం కోడలుగారు గుమ్మంలో నించుని నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. "హాల్లో టీవీ ముందు కూర్చున్నప్పుడు మీ నంబరు నొక్కాలండి" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నారు. అంతే, ఆ తరవాత మూడో నంబరు ఒక్కసారీ వెలగలేదు. టీవీ మీద ఆసక్తి లేని మనిషి కాబోలు అనుకున్నాను. అలాంటివాళ్ళూ ఉంటారు, నాకు వాళ్ళంటే గౌరవం కూడాను.

నా సర్వీసు ఇంకో ఏడాదిలో అయిపోతుందనగా విజయవాడ ఆఫీసు నుంచి మేనేజరుగారు ఫోన్ చేశారు. "మీ ఏరియాలో ఒక ఇల్లు అనుమానంగా ఉందండి. హైదరాబాద్ నుంచి తనిఖీకి ఆఫీసరు వస్తున్నారు. ఇంటివాళ్ళకి ముందుగా చెప్పొద్దు" అన్నారు. ఏ ఇల్లో చెప్పారు. నేను నవ్వేశాను.

ఆయన నవ్వలేదు. సంగతేంటంటే, ఒక చిన్న చానెల్లో మధ్యాహ్నం పూట కుట్లూ అల్లికల కార్యక్రమం వస్తుంది. చూసేవాళ్ళు బహు తక్కువ. అలాంటిదాన్ని ఈ ఇంట్లో రోజూ, ఒక్క పూటా తప్పకుండా పెడుతున్నారు. పైగా వెలిగేది ఒకటో నంబరు ఒక్కటే. అంటే ఎనభయ్యేళ్ళ రైతు రోజూ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని లేసు అల్లికలు చూస్తున్నాడన్నమాట.

ఆఫీసులో నా పక్క సీటాయన గోదారి వెటకారమంతా మూటగట్టుకుని పుట్టినవాడు. "పెద్దాయన ఈ వయసులో లేసు నేర్చుకుంటున్నాడేమో గురూ. నీ రిటైర్మెంటుకి టేబులు గుడ్డ అల్లిస్తాడులే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం లోపల గుబులు పట్టుకుంది. అంతకు ముందు వేరే జిల్లాలో ఒక ఇల్లు చానెలు వాళ్ళకి అమ్ముడుపోయిందని తేలితే, ఆ ఇంటి మీద ముద్ర పడింది, దాన్ని చూసుకునే మా సహోద్యోగి ఉద్యోగం పోయింది. ఇల్లు చూపించింది అతనే అన్నారు. నిజమో కాదో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఇక్కడ అదే ముద్ర పడితే నా సంగతి అటుంచండి, పరువుగా బతికిన ఆ పెద్దాయన ఈ వయసులో దొంగ అనిపించుకోవాలి.

తనిఖీకొచ్చిన ఆఫీసరు ఆడమనిషి. మా అమ్మాయి వయసుంటుంది. నరసాపురంలో రైలు దిగి ఆటో ఎక్కింది, నేను ముందు బండి మీద దారి చూపించాను. సరిగ్గా ఆ కార్యక్రమం వచ్చే వేళకి ఇల్లు చేరేలా చూసుకుంది. మనిషి మంచిదే గానీ మాట కత్తెర. దార్లో టీకి ఆగినప్పుడు, "మీకు ఈ ఇంటివాళ్ళు బంధువులా?" అని అడిగింది. కాదన్నాను. "స్నేహితులా?" అంది. కాఫీ తాగుతానన్నాను. అది కూడా రాసుకుంది.

వీధి మొదట్లోకే టీవీ వినపడుతోంది. ఎవరో ఆవిడ దారం ఎలా చుట్టాలో చెబుతోంది. గుమ్మం ఎక్కి చూద్దును కదా, పెద్దాయన పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉన్నారు. పెట్టె మీద ఒకటో నంబరు నిక్షేపంగా వెలుగుతోంది.

"నిద్రపోతున్నారు. చెవుడు కూడా ఉన్నట్టుంది" అని మేడమ్ నా చెవిలో గొణిగింది.

"చెవుడు లేదమ్మా. రండి, కూర్చోండి" అన్నారు ఆయన కళ్ళు తెరవకుండానే. నా వైపు తిరిగి "మీ బండి సైలెన్సరు మార్పించండి. కాలవ వంతెన దగ్గర్నుంచే తెలుస్తోంది" అన్నారు.

మేడమ్ కంపెనీ నుంచి పెట్టె చూడ్డానికొచ్చానని చెప్పి మెల్లిగా మొదలుపెట్టింది. "ఈ కార్యక్రమం మీరే చూస్తారాండీ?"

"నేనే చూస్తానమ్మా. నాకిష్టం."

"నిన్న ఏం చూపించారండి?"

పెద్దాయన ఒకసారి దూలాల వైపు చూశారు. "అల్లికేనమ్మా."

"ఏ అల్లికండీ?"

"దారంతో అల్లేది."

మేడమ్ పుస్తకం మూసి ముందుకి వంగింది. "పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఈ చానెలే పెట్టమని మీకు ఎవరైనా చెప్పారాండీ? అందుకని ఏమైనా ఇచ్చారా?"

పెద్దాయన లేచి నిటారుగా కూర్చున్నారు. గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించారు. "ఈ ఇంట్లో కాఫీ తాగి వెళ్ళినవాళ్ళున్నారు గానీ, మాకు ఏదో ఇచ్చి వెళ్ళినవాళ్ళు లేరమ్మా."

నాకు తల తీసి మొలేసినట్టయింది. ఆ ఇంటికి ఆవిణ్ణి తీసుకొచ్చింది నేను. ఆయన ఇంకేదో చెప్పబోయి, వంటింటి వైపు చూసి, ఊరుకున్నారు. ఆ చూపేంటో నాకప్పుడు అర్థం కాలేదు. తప్పు చేసినవాడు మాటలు వెతుక్కుంటున్నాడనే మేడమ్ అనుకుని ఉంటుంది. ఆవిడ మళ్ళీ కలం తీసింది.

సరిగ్గా అప్పుడు లోపల్నుంచి కోడలుగారి గొంతు వినపడింది. "మేడమ్, ఎండన పడి వచ్చారు. లోపలికి రండి, మజ్జిగ తాగుదురుగాని."

ఆడవాళ్ళొస్తే వంటింట్లోకి పిలవడం ఆ ఇంటి పద్ధతి. మేడమ్ లోపలికెళ్ళింది. ఇన్నాళ్ళుగా వస్తున్న నేను ఏనాడూ దాటని గుమ్మం అది. హాల్లో పెద్దాయనా నేనూ మిగిలాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. కార్యక్రమం అయిపోయింది. అయిపోగానే ఆయన చటుక్కున వార్తలు పెట్టుకుని, సౌండు బాగా తగ్గించేశారు. మరి అంతసేపూ ఊరంతా వినపడేలా ఎందుకు పెట్టినట్టు?

"ఏవండీ, ఒకసారి ఇటు రండి" అని వంటింట్లోంచి మేడమ్ నన్ను పిలిచింది. నేను లేవకుండా పెద్దాయన మొహంలోకి చూశాను. "వెళ్ళండి, పరవాలేదు" అన్నారు.

వంటింటి గుమ్మం పక్కన, తలుపు చాటున, ఒక పీట వేసి ఉంది. "కూర్చుని చూడండి" అంది మేడమ్. మోకాళ్ళు కలుక్కుమంటుండగా కూర్చున్నాను. తస్సాదియ్యా, టీవీ మొత్తం కనపడుతోంది! హాల్లో నా కుర్చీలోంచి కూడా అంత బాగా కనపడదు. పడక్కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం ఈ పీట కనపడదు. పీట పక్కన చిన్న వెదురుబుట్టలో తెల్లదారం ఉండ, కొక్కెం సూది, సగం అల్లిన లేసు అంచు.

కోడలుగారు కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూ నించున్నారు. "తప్పేమైనా చేశానాండీ? హాల్లో కూర్చున్నప్పుడు నొక్కమన్నారు కదండీ మీరు. మావయ్యగారి ముందు నేను హాల్లో ఎప్పుడు కూర్చున్నానండీ?"

నేను చెప్పిన రూలు ఆవిడ అక్షరాలా పాటించారు. మా రూళ్ళు రాసినవాళ్ళకి హాలే తెలుసు, వంటింటి తలుపు చాటు తెలీదు.

"నిన్న ఏం చూపించారో వీరికి చెప్పండి" అంది మేడమ్. ఆవిడ గడగడా చెప్పేశారు. చామంతి పువ్వు డిజైనంట, నడిమి చుట్టులో ఎన్ని గొలుసు కుట్లు వెయ్యాలో, రేకు దగ్గర ఎక్కడ మడత తిప్పాలో. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తరవాత గొంతు తగ్గించి మిగతాది చెప్పారు. పుట్టింట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. ఆ వైపు ఇంటింటా ఆడవాళ్ళు లేసు అల్లుతారు. కాపరానికొచ్చిన కొత్తలో సూది తీస్తే అత్తగారు చూసి, "రైతు ఇంటి కోడలివి, కూలికి అల్లినట్టు ఇదేంటి? ఊరు ఏమనుకుంటుంది?" అన్నారట. ఆ రోజు సర్దేసిన సూది, ఈ కార్యక్రమం మొదలయ్యాకే మళ్ళీ బయటికొచ్చింది. "మావయ్యగారికి ఈ ప్రోగ్రామంటే ప్రాణమండి. ఆయన పెట్టుకుంటారు, నేను ఇక్కణ్ణుంచి ఒక కన్నేస్తాను. నేను అల్లుతున్నట్టు ఆయనకి తెలీదు. దయచేసి చెప్పకండి."

మేమిద్దరం బయటికొచ్చాం. పెద్దాయన మమ్మల్ని అరుగు మీదకి రమ్మని సైగ చేశారు. వంటింటికి దూరంగా, ఆ చివరకి తీసుకెళ్ళారు.

"అమ్మాయి చెప్పిందా?" అన్నారు నెమ్మదిగా. "దారం బియ్యం డబ్బా వెనక దాస్తుంది. నాకు తెలీదనుకుంటుంది."

"మరి మీకు ఈ కార్యక్రమం…" అంది మేడమ్.

"నాకెందుకమ్మా కుట్లూ అల్లికలూ? నాకు వార్తలు కావాలి. కానీ ఆ వేళకి వార్తలు పెడితే ఆ తలుపు దగ్గర గాజుల చప్పుడు ఉండదు. ఓ రోజు ఊరికే చానెళ్ళు తిప్పుతుంటే ఇది వచ్చింది, గాజుల చప్పుడు గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయింది. మర్నాడు కూడా అదే పెట్టాను. సౌండు కూసింత పెంచాను, కూర తాలింపులో కూడా వినపడాలని."

గుమ్మం వైపు ఒకసారి చూసి మళ్ళీ అన్నారు. "మా ఆవిడ ఆనాడు ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఊరుకున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు. నేను కోడల్ని పిలిచి అల్లుకో అమ్మా అంటే, పోయిన మనిషి మాట కొట్టేసినట్టుంటుంది. అందుకని టీవీ చేత చెప్పిస్తున్నాను."

మేడమ్ కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. "నాకు చెప్పేస్తే పోయేది కదండీ. మిమ్మల్ని అంత మాట అన్నాను."

"వంటింట్లోకి వినపడుతుంది కదమ్మా" అన్నారాయన.

అనుమానం తీరిపోయింది. ముద్ర పడదు. నాకు ఒళ్ళు తేలికైపోయి, ఇంక కాఫీ అడుగుదామా అని కూడా అనిపించింది. కానీ మేడమ్ మొహం ఇంకా విప్పారలేదు. తప్పు లెక్క తప్పు లెక్కే కదా. మూడో నంబరు వెలగకపోతే వచ్చే నెల మళ్ళీ ఇదే అనుమానం వస్తుంది. "ఈసారి నా బదులు మగాఫీసరొస్తే వంటింట్లోకి రాడు. వచ్చి, మిమ్మల్ని ఇదే మాట అడిగి, దొంగ అని రాసి వెళ్ళిపోతాడు" అని ఆయనతోనే అంది. చూసేవాళ్ళు నంబరు నొక్కాలి. నొక్కాలంటే హాల్లోకి రావాలి. రావాలంటే వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఆ మాట మేం చెబితే ఇద్దరి గుట్టూ బయటపెట్టినట్టే.

పెద్దాయన అరుగు మీద అటూ ఇటూ నడిచారు. తరవాత లోపలికెళ్ళి, పెట్టె రిమోటు తీసుకుని, వంటింటి గుమ్మానికి ఇవతల నించుని కేకేశారు.

"అమ్మాయీ! కంపెనీవాళ్ళు తప్పు పట్టారమ్మా. చూసేవాళ్ళ నంబరు కాకుండా పడుకునేవాళ్ళ నంబరు వెలుగుతోందట. ఈ ముసలాడి వల్ల ఊళ్ళోవాళ్ళ లెక్కంతా తారుమారైపోయిందట. రేపట్నుంచి ఆ వేళకి నేను అరుగు మీద కునుకు తీస్తాను. నువ్వు హాల్లో కూర్చుని నీ నంబరు నొక్కు."

ఆయన రిమోటుని గుమ్మం పక్కన గూట్లో పెట్టి వెనక్కి తిరిగారు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ ఆగారు.

"ఆ దారం బుట్ట కూడా తెచ్చుకో. వంటింట్లో వెలుతురు చాలదు."

గాజులు గలగలమన్నాయి. చాలాసేపటికి "ఆయ్, అలాగేనండి మావయ్యగారూ" అని వినపడింది. నేను సైలెన్సరు చూసుకునే నెపం మీద బండి దగ్గరికెళ్ళిపోయాను. నాకూ కళ్ళు తడిశాయి, అందులో దాచేదేముంది.

మర్నాడు మధ్యాహ్నం లెక్కలో మూడో నంబరు వెలిగింది. పక్క సీటాయన "శుభం, పెద్దాయన లేసు మానేశాడా?" అన్నాడు. వాడికి నేనేమీ చెప్పలేదు. ఇల్లు రహస్యమంటే ఇంటి చిరునామా ఒక్కటే కాదు కదా. అలా కొన్నాళ్ళు మూడో నంబరు ఒక్కటే వెలిగింది. తరవాతొక రోజు మూడూ, దాంతోపాటు ఒకటీ వెలిగాయి. ఆ పైన రోజూ రెండూ. కోడలుగారు పిలిచారో, ఆయనే అరుగు మీంచి లేచి వచ్చారో తెలీదు. ఆ సంగతి మా పెట్టె పంపదు.

నా రిటైర్మెంటుకి కాస్త ముందు, వైరు ఊడిందంటే ఆ ఇంటికి ఆఖరిసారి వెళ్ళాను. పడక్కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. దాని మీద వెదురుబుట్ట. నాకు కాఫీ కోడలుగారే స్వయంగా హాల్లోకి తెచ్చిచ్చారు. వైరు బిగించి లేస్తుంటే నాలోని గోదారి బుద్ధి ఊరుకోలేదు. ఏం చూశారని అడక్కూడదన్న రూలు సర్వీసంతా పాటించినవాణ్ణి, ఆ ఒక్కసారి తప్పాను.

"నిన్న ఏం చూపించారండీ?" అన్నాను.

పెద్దాయన ఈసారి దూలాల వైపు చూడలేదు.

"పనసపండు డిజైను. అంచు తిప్పేటప్పుడు ఆ టీవీ ఆవిడ రెండు గొలుసు కుట్లు మర్చిపోయింది" అన్నారు. "మా కోడలు పట్టేసింది."